ముందు తెరచాపకు నీ ముడి

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అల్ ఖోర్‌లో మన అరబ్బు యజమాని, కఫీల్, సరదాగా తిప్పే తెరచాప పడవను నీ తర్వాత ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. తెరచాప కొయ్యను నిలబెట్టే పక్క తీగల్ని నీలాగే చేత్తో లాగి చూసి బిగిస్తాను. ముందు తెరచాపను చుట్టి, దాని తాడుకు మామూలు ముడి వేసి డ్యూటీ దిగుతాను.

ఈమధ్య పొద్దున వచ్చేసరికి ఆ ముడి మారిపోయి ఉంటోంది. ఊళ్ళో నువ్వు వలలు కట్టినట్టు, కొసను కిందనుంచి లోపలికి దోపి ఉంటోంది. నాకు తెలియకుండా ఎవడో పడవ తీస్తున్నాడనుకున్నాను. పక్క తీగలు మాత్రం సడలలేదు. వాటినీ తిరిగి బిగించి పెడుతున్నాడంటే బాగా తెలిసినవాడే. ఏదైనా విరిగితే నా ఉద్యోగానికే ఎసరు. పక్క పడవ చూసే నేపాలీ బహదూర్‌ని నిలదీశాను.

"మాఫీ మాలూమ్ భాయ్, కసమ్ సే!" అని, తనకేం తెలీదని ఒట్టేశాడు. నేను నమ్మలేదు.

నిన్న సాయంత్రం ఇంటికి వెళ్తున్నట్టు వెళ్ళి, చేపల పడవల చాటున నిలబడ్డాను. వచ్చింది కఫీల్. అప్పలరాజు అనడం నోరు తిరగక, నిన్ను "అబ్బల్, యల్లా!" అని తొందరపెడుతూ కసిరేవాడే, ఆయనే. పడవ తియ్యలేదు, నా ముడి విప్పి అచ్చం నీలాగే కట్టాడు. కొస దోపాక, దానిమీద చెయ్యి వేసి నిమిరాడు.

నా పనిమీద అనుమానమా, మరొకటా?

నీ ముడి నాకూ వచ్చు బావా. ఆయన విప్పి కట్టుకోవడానికి, ఇవాళ కూడా మామూలు ముడే వేసి వచ్చాను.