రెండు నెలలు ఆగమన్నాడు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. హైటెక్ సిటీలో ఆఫీసు అయ్యాక కంప్యూటర్ దుకాణానికి వెళ్ళాను. మన పాత గ్రాఫిక్స్ కార్డు మీద కొత్త కారు రేసు ఆట ఆగి ఆగి నడుస్తోంది. కార్డు మార్చాలా, ఆగాలా అని మనం ఎన్ని ఆదివారాలు వాదించుకున్నామో! ప్రతిసారీ నువ్వే గెలిచేవాడివి.

"జర ఆగుదాం తమ్మీ. ఇంకా మంచిది వస్తది."

ఛాతీలో మంటగా ఉందన్న రోజు దవాఖానకు పోదామంటే కూడా అదే మాట. "గ్యాసే తమ్మీ, ఫికర్ చెయ్యకు. జర ఆగుదాం." మర్నాటికి నువ్వు లేవు.

ఇవాళ దుకాణంలో అతనూ, "ఇప్పుడెందుకు సార్, రెండు నెలలు ఆగుండ్రి, కొత్తది వస్తది" అన్నాడు. "ఆగేది లేదు, ఇప్పుడే ఇయ్యి" అని అరిచినంత పని చేశాను. పాపం, అతను బిత్తరపోయాడు.

ఇంటికొచ్చి కార్డు బిగించాను. కార్లు రయ్యిమని దూసుకుపోతున్నాయి. నువ్వుంటే కుర్చీలోంచి లేచి నిలబడేవాడివి. నేను ఒక్క రౌండుకే ఆపేశాను.

వారం నుంచి నాకూ అక్కడే మంటగా ఉంది అన్నా. డాక్టరు ఏం చెబుతాడోనని భయం. ఇందాక నీ మరదలు మళ్ళీ దవాఖానకు పోదామంది.

"జర ఆగుదాం" అన్నాను.