ఎడమ పక్క ఏనుగు

మా ఇంటావిడకి,

ఇంట్లో మిగిలిన మీ ఆయన రాయునది. ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమం. ఆ కొండ గాలికి వచ్చిన నీ చెవిపోటు తగ్గిందనీ, మీ సర్వే పని సాఫీగా సాగుతోందనీ తలుస్తాను. మిగతావాళ్ళ సంగతి వరసగా రాస్తాను. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

దర్జీవాడివై ఉండి పిల్లకి జడ తిన్నగా వేయలేవా అని అడిగావు. గుడ్డ కదలకుండా ఉంటుంది, నీ కూతురు ఉండదు. అయినా ఇప్పుడు కాస్త చెయ్యి తిరిగింది.

చదరంగం క్లబ్బుకి ఎవరైనా వస్తున్నారా, నీతో నువ్వే ఆడుకుంటున్నావా అని కూడా అడిగావు. వస్తున్నారు. పిల్లలకైతే వీధికో కోచింగు ఉంది గానీ, పెద్దవాళ్ళు ఆడుకుందామంటే చోటేదీ? సాయంత్రం కొట్టు కట్టేశాక కత్తిరింపు బల్ల ఖాళీ చేసి, లైనింగు ముక్కలతో నేను కుట్టిన గళ్ళ గుడ్డలు పరుస్తాను. మొదట్లో లెక్కల మాస్టారొక్కరే వచ్చేవారు. ఆయన ఆడేది తక్కువ, ఓడాక ఎందుకు ఓడారో చెప్పేది ఎక్కువ. తర్వాత బేకరీ ఆవిడ చేరింది. నోట్లో నాలుక లేనట్టుంటుంది గానీ పావు కదిపిందంటే కనికరం ఉండదు. ఆ తర్వాత మీ అన్నయ్య వచ్చాడు. బస్సు డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చి కూర్చుని వరసగా అందర్నీ ఓడించాడు. ఆ రోజుల్లో బల్ల చుట్టూ నిలబడటానికి కూడా చోటుండేది కాదు.

అన్నయ్య ఎందుకు ఉత్తరం రాయడం లేదని నువ్వు రెండు ఉత్తరాల్లో అడిగావు. నేను జవాబు దాటేశాను. ఇప్పుడు రాస్తాను.

చలి మొదలయ్యాక ఆయన ఓడిపోవడం మొదలుపెట్టాడు. ఎవరికైనా ఓటమి ఉంటుందిలే అనుకున్నాం. ఒకరోజు సగం గడ్డమే గీసుకుని వచ్చాడు. కుడి చెంప నున్నగా ఉంది, ఎడమ చెంప మాసి ఉంది. సబ్బు అయిపోయిందా బావా అని నేనే వేళాకోళం చేశాను, అందరూ నవ్వారు. ఆయనకి మాత్రం మేం ఎందుకు నవ్వామో అర్థం కాలేదు. మర్నాడు కూడా అలాగే వచ్చాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

బేకరీ ఆవిడ ఆట ముగిశాక నన్ను పక్కకి పిలిచి, ఆయన దగ్గర తాను గెలుచుకునేవన్నీ ఆయనకి ఎడమ వైపున్న పావులేనని చెప్పింది. "దొంగతనం చేస్తున్నట్టుంది అన్నా. ఆయనతో ఇక ఆడలేను" అంది.

ఆ మాట విన్నాక నా కళ్ళకి అన్నీ ఆనడం మొదలైంది. టీ గ్లాసు ఎడమ పక్కన పెడితే అక్కడే చల్లారిపోతోంది. ఆయన బస్సు ఎడమ వైపు పొడుగునా గీతలు, వంగిపోయిన అద్దం. జనం నిలబడేదీ, ఎక్కేదీ, దిగేదీ ఆ వైపే కదా. అడిగితే, సందులు ఇరుకైపోయాయన్నాడు.

మొన్నొక సాయంత్రం అందరూ వెళ్ళాక ఆయన్ని ఆపాను. గుడ్డ మీద ఆయన ఏనుగులు రెండే ఉంచాను, ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి.

"బావా, నీ ఏనుగులెన్ని?"

"ఒకటే" అన్నాడు, కుడి మూల దాన్ని చూపించి.

నేను గుడ్డని అటుది ఇటు తిప్పాను. ఎడమ పక్కది కుడికి వచ్చింది, కుడి పక్కది ఎడమకి పోయింది. మళ్ళీ అడిగాను.

"ఒకటే అన్నానుగా. ఎన్నిసార్లు లెక్కపెట్టిస్తావు?" అన్నాడు. ఈసారి ఆయన వేలు రెండో దాని మీద ఉంది.

చేయి పట్టుకుని, రేపు డ్యూటీకి వెళ్ళొద్దు, డాక్టరు దగ్గరికి వెళదాం అని బతిమాలాను. తనకేమీ కాలేదన్నాడు. అది అబద్ధం కాదు. లోటు ఉన్నట్టే ఆయనకి తెలియదు.

"చదరంగంలో ఓడితే బస్సు దిగమంటావా బావా?" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

తెల్లారకముందే డిపోకి వెళ్ళి ఏనుగుల సంగతి చెప్పాను. అక్కడి అధికారి నన్ను ఎగాదిగా చూసి, ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదం లేని మనిషిని బొమ్మలాట చూసి ఆపమంటారా అన్నాడు. అంతలో మీ అన్నయ్య వచ్చాడు, సగం గడ్డంతోనే. బస్సు నెత్తిన బోర్డు చదివించమని నేనే అధికారిని అడిగాను. బోర్డు మీద ఉన్నది 'పాత వంతెన'. మీ అన్నయ్య తడుముకోకుండా "వంతెన" అన్నాడు. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ అదే అన్నాడు. అధికారి తాళం చెవి కోసం చెయ్యి చాచాడు.

మీ అన్నయ్య తాళం ఇచ్చి నావైపు తిరిగాడు.

"చెల్లెల్ని ఇచ్చాం నీకు" అన్నాడు. అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఆస్పత్రిలో తలకి స్కానింగు చేశారు. కళ్ళు బాగానే ఉన్నాయట. తలలో కుడి వైపు ఏదో పెరుగుతోందట, చాలా రోజులుగా. అందుకే ఎడమ పక్కంటూ ఒకటుందని ఆయనకి తోచడం లేదట. వచ్చేవారం ఆపరేషను. నయమవుతుందని మాటేమైనా ఇస్తాడేమోనని డాక్టరు ముఖం వంక చూస్తూ నిలబడ్డాను. ఆయన ఫైలు మూసేశాడు. ఇంట్లో మీ వదిన అన్నం పెడితే కంచంలో సగమే తిని, చాలినంత పెట్టవేమని విసుక్కుంటున్నాడట. ఆవిడ కంచం తిప్పి పెట్టి వంటింట్లోకి వెళ్ళి ఏడుస్తోంది. నీకు రాయొద్దని మీ అన్నయ్య ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు. నా చేత వేయించుకోలేదు, మాటలు లేవు కాబట్టి.

ఇంకొకటి ఉంది. ఎవరికీ చెప్పలేదు. అమ్మాయి ఇంకా మామయ్య బస్సులోనే బడికి వెళుతోందా అని అడిగావు కదా. లేదు. బస్సు మీద ఆ గీతలు చూసిన మర్నాటి నుంచే నేను సైకిలు మీద దింపుతున్నాను. డిపోకి వెళ్ళింది మాత్రం చాలా రోజుల తర్వాత. మన పిల్లని దించుకుని, ఊళ్ళో పిల్లలందర్నీ ఆ బస్సులోనే ఉంచాను. రోజూ పొద్దున్నే నా సైకిలు పక్కనుంచి ఆ బస్సు వెళ్ళేది. కిటికీలోంచి అమ్మాయి స్నేహితురాళ్ళు చెయ్యి ఊపేవాళ్ళు. నేనూ ఊపేవాణ్ణి. ఏమీ జరగలేదు. జరగకపోవడంలో నా గొప్పేమీ లేదు. ఇది చదివి నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

సెలవు దొరకదని చూడకు, అడిగి వచ్చేయి. ఆపరేషనుకి ముందే రావాలి, తర్వాత ఎలా ఉంటుందో ఎవరూ చెప్పడం లేదు. వచ్చాక గుమ్మంలో నిలబడి పిలవకు. గుమ్మం ఆయన మంచానికి ఎడమ పక్కన ఉంది, నువ్వు కనబడక ఎవరో అనుకుంటాడు. తిన్నగా లోపలికి వెళ్ళి ఆయనకి కుడి పక్కన కూర్చో.

ఇట్లు,
నీ దారి చూస్తూ,
అమ్మాయి నాన్న