మూడు ముద్రలు

మేనేజరు కురోఇవా గారికి,

అనుమతి లేకుండా కేబుల్ పీకినందుకు క్షమాపణ పత్రం రాయమన్నారు. రాయను.

సోమవారం పొద్దున హ్యాకర్లు మన ఆసుపత్రి కంప్యూటర్లను ఒక్కొక్కటే స్తంభింపజేస్తుంటే, అనుమతి కాగితం మీద నా ముద్ర వేసుకుని మీ గదికి పరిగెత్తుకొచ్చాను. "నాదీ, డైరెక్టరు గారిదీ కూడా పడాలి కదయ్యా! ఇప్పుడేం కొంప మునిగింది?" అన్నారు.

నిజంగానే మునుగుతోందండీ! అందుకే వెనక్కెళ్లి, రోగుల వివరాల నకళ్లుండే బ్యాకప్ యంత్రానికి నెట్‌వర్క్ కేబుల్ పీకేశాను. చివరికి మిగిలింది అదొక్కటే. అందులోని వివరాలు చూసుకునే నర్సు త్సుకుదా గారు ఆ రోజు నలభై మందికి డయాలసిస్ ఆపకుండా నడిపారు.

మళ్లీ దాడి జరిగితే మళ్లీ పీకుతాను.

ఈ ఉత్తరం కింద నా ముద్ర వేశాను. మిగతా రెండూ తీరిగ్గా వేయించుకోండి.