ఈశాన్యం వాలు

బోధన్

చిరంజీవి వినీతకు,

ఫోన్లో చెబితే మీ బాపు మరిచిపోతాడు, అందుకే రాస్తున్నాను. నా కోసం వేస్తున్న కొత్త గది ఫొటో చూశాను. స్లాబు వాలు, నీళ్ల గొట్టం రెండూ పక్కింటి భూమవ్వ పెరటి వైపే ఉన్నాయి. మన కప్పు మీది వాన మన జాగాలోనే పడి ఇంకుడు గుంతలోకి పోవాలి. అనుమతి ఇచ్చినప్పుడు కార్పొరేషన్ వాళ్లు పెట్టిన షరతే అది.

భూమవ్వ నాకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల నాటి నేస్తం. వానకాలం మా రెండిళ్ల మధ్య కాలువకు చెరకు పిప్పి అడ్డం పడేది. చీరలు ఎగగట్టి ఇద్దరం తీసేవాళ్లం. ఊరంతా పాకం వాసన వేసేది. తర్వాత నిజామాబాద్‌లో నా మాట మీదే మన పక్క జాగా కొన్నది. ఈ వయసులోనూ బీడీలు చుట్టి బతుకుతున్నది. గొట్టం తిప్పించాకే నేను వచ్చేది.

ఆశీస్సులతో,
బాపమ్మ


నిజామాబాద్

ప్రియమైన బాపమ్మకు,

నీ ఉత్తరం బాపుకు చదివి వినిపించాను. "వాన నీళ్లు ఈశాన్యం పోతె ఇంట్ల పెద్దలకు ఆయుష్షు. మా అవ్వ కోసమే గట్ల పెట్టించిన," అన్నాడు. మన ఈశాన్యం అవతల భూమవ్వ పెరడే కదా అన్నాను. "ఆమె ఏమన్న అన్నదా? ఆమెకు లేని బాధ నీకెందుకు?" అన్నాడు.

నిజమే, రెండు వానలు పడ్డా ఆమె ఏమీ అనలేదు. నీ కిటికీకి తలుపులు కూడా పెట్టేశారు. పట్టుదల మాని వచ్చెయ్యి.

నీ రాక కోసం చూస్తూ,
వినీత


బోధన్

వినీతకు దీవెనలు.

అనలేదంటే బాధ లేదని కాదు. క్వార్టర్లలో ఉన్నప్పుడు ఇంట్లో బియ్యం లేని పూట కూడా భూమవ్వ పొయ్యి వెలిగించేది. పొగ చూసి వంట అవుతోందని నేను అనుకోవాలని. అలాంటి మనిషి నోరు విప్పి అడుగుతుందా?

ఈసారి వాన పడుతున్నప్పుడే మీ బాపును తీసుకుని వాళ్లింటికి పోయి చూడు. భూమవ్వ పెరట్లో నీళ్లు పోసి పెంచుకునే ఆయుష్షు నాకొద్దని చెప్పు.

ఇట్లు,
బాపమ్మ


నిజామాబాద్

ప్రియమైన బాపమ్మకు,

ఆదివారం వాన దంచుతుంటే బాపును లాక్కుపోయాను. పెరడంతా నీళ్లు, గడప దాటి ఇంట్లోకి వస్తున్నాయి. బీడీలు చుట్టే తునికాకు కట్టలన్నీ తాను పడుకునే మంచం మీద పెట్టి, భూమవ్వ బొచ్చెతో నీళ్లు ఎత్తిపోస్తున్నది.

"ఇన్ని దినాలు చెప్పకపోతివి?" అన్నాడు బాపు.

"చెప్తె నువ్వు పని ఆపుతవు కొడుకా. మీ అవ్వ పుష్పక్క రాకడ ఆగుతది. నీళ్లు ఎత్తిపోసుడు నాకు కొత్తనా?"

బాపు ఆమె చేతిలోని బొచ్చె తీసుకుని వాన వెలిసేదాకా తానే ఎత్తిపోశాడు.

తెరిపివ్వగానే మేస్త్రీ లింగం వచ్చి ఆ గొట్టం మూసేశాడు. స్లాబు మీద సిమెంటు వేసి వాలు మన వాకిలి వైపు తిప్పాడు. అక్కడే ఇంకుడు గుంత తవ్వారు. "ఈశాన్యం పాయె గదనే అన్నా," అన్నాడు లింగం. "మా అవ్వ సంగతి నీకు తెల్వది. నీళ్లు ఎటు పోయినా నూరేండ్లు ఉంటది, మనల్ని తిట్టనీకె," అన్నాడు బాపు.

ప్రేమతో,
వినీత


బోధన్

వినీతకు,

గురువారం బస్సుకు వస్తున్నాను. గది చూపించాలని తొందరపడకండి. ముందు భూమవ్వ ఇంటికి పోయి గట్టిగా మందలించాలి. నా కోసం తడుస్తూ నాకే చెప్పకుండా దాచడం ఏం మర్యాద? ఆ మాట సగంలోనే నాకు ఏడుపు వస్తుందని నాకు తెలుసు. కాబట్టి నువ్వూ మీ బాపూ నా వెంట లోపలికి రావద్దు.

మీ బాపమ్మ,
పుష్పలత