కంప్యూటరు మీద అక్షింతలు

బాన్సువాడ

రాధాకుమారికి, ఇక్కడ నేనూ అమ్మాయీ కులాసా, నువ్వు దిగులు పడకు.

మన హారిక కంప్యూటరు తన చేత్తోనే బిగించింది! సోమవారం నుంచి పిల్ల కొత్త ఉద్యోగం ఈ కంప్యూటరు మీదే కదా, నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే తిరగాలని ఉంది. పెట్టె లోపల బోర్డు పెట్టగానే శుభమని అక్షింతలు చల్లాను. తీరా అన్నీ బిగించి మీట నొక్కితే తెర నల్లగానే ఉంది, పెట్టె కీకీమని అరిచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్ల మళ్ళీ అంతా విప్పి, "నాన్నా, ర్యామ్ పెట్టే గాడిలో బియ్యపు గింజ ఉంది! దీనికేమన్న పెండ్లి చేస్తున్నవా?" అని పడీపడీ నవ్వింది. గింజ తీయగానే తెర వెలిగింది, నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు!

గేదె మేత తింటోందా? నా శాలువా బీర్కూర్ బస్సులో పంపించు. సోమవారం మీట నన్నే నొక్కమంది హారిక. ఈసారి ఏ గింజా అడ్డు పడకూడదని దేవుడికి చెప్పుకో.

సంతోషంతో,
రామబ్రహ్మం