రేకుల షెడ్డు చూసినవాళ్లు

జులై 9, బుధవారం

లేవగానే మా వంటల ఛానెల్ డాష్‌బోర్డు. పళ్లు కూడా తోమలేదు. అమ్మ చేపల పులుసు వీడియో ఎక్కుతోంది... గీత నిటారుగా పైకి! ఛానెల్ పెట్టాక ఇలా ఎప్పుడూ లేదు. చెబితే అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది— "నా పులుసుకేటి, అంతమందా?" నాన్న ఏనాడూ బాగుందన్న పాపాన పోలేదు మరి. బజారులో చేపలమ్మే బెంగాలీ దాదా "దీదీ, వీడియో దేఖ్‌లామ్" అని, చూశానంటూ ఓ ముక్క ఎక్కువేశాడట. పొద్దస్తమానం అదే మాట.

జులై 10, గురువారం

జనం ఎక్కడిదాకా చూశారో చూపించే గ్రాఫ్ ఒకటుంది. మామూలుగా జారుతూ పోవాలి. మాది మధ్యలో గుట్టలా లేచింది. ఒకే చోటుని తిప్పి తిప్పి చూస్తున్నారు. ఏముందా అని నేనూ చూశాను.

పులుసు కాదు. అమ్మ నా చేతిలో ఫోను లాక్కుని, "ఇదే నా వంటిల్లు, మా ఆయన కట్టినాడు" అంటూ పెరడంతా తిప్పిన చోటు. రేకుల షెడ్డు. కట్టెల పొయ్యి. గోడ మీద క్వార్టరు నంబరు. వరసగా పక్కవాళ్ల షెడ్లు కూడా.

ఓరి దేవుడా. రైల్వే క్వార్టరు పెరట్లో కట్టకూడనివి. అందరూ కట్టుకున్నవే, ఎవరూ పైకి అననివి. ఎడిట్ చేసింది నేనే. పుట్టినప్పటి నుంచీ అందులోనే అన్నం తిన్నాను, చూపించకూడదని తట్టనే లేదు.

సాయంత్రం— ఆ ముక్క కత్తిరించమని పెట్టాను. "ప్రాసెస్ అవుతోంది" అంటోంది. అంతవరకూ పాతదే నడుస్తుంది. అంకె ఎక్కొద్దని దణ్ణం పెట్టుకుంటున్నాను. ఎక్కుతోంది.

జులై 11, శుక్రవారం

కత్తిరింపు అయింది. ఏం లాభం. పక్క క్వార్టరు అప్పారావు బాబాయ్ గేటు దగ్గరే పట్టుకున్నాడు. నాన్నతో పాటు వర్క్‌షాపులోనే పని. "ఏటే, మా రేకులు కూడా ఊరందరికీ సూపించీసినావు? ఆఫీసులో ప్రతీవోడి ఫోన్లోనూ అదే."

నాన్న డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండా కూర్చున్నాడు. సోమవారం షెడ్ల కొలతలకు ఆఫీసు నుంచి మనుషులొస్తారట. క్వార్టరే పోవచ్చట. "రిటైర్మెంటు ముందర నాకిదేటే..." అన్నాడు. తిట్టినా బాగుండేది.

జులై 12, శనివారం

చూడకూడదనుకున్నాను. చూశాను. గీత పడిపోతోంది. ఆ ముక్క లేకపోతే ఎవరూ ఆగడం లేదు. ఏడుపొచ్చింది. ఇల్లు పోయేలా ఉంటే దీనికా ఏడవడం? ఛీ.

జులై 13, ఆదివారం

వాళ్లొచ్చేలోపు మనమే విప్పేద్దాం అన్నాడు నాన్న. వాన. బాబాయ్ నిచ్చెన తెచ్చాడు. అమ్మ గిన్నెలన్నీ లోపలికి మోసింది. ఇక ఏడుస్తుందనుకున్నాను. తిన్నగా నా దగ్గరకొచ్చింది.

"ఫోను తియ్యి."

"అమ్మా, వద్దు."

"తియ్యే. ఎలాగూ పోతంది. సూసినోళ్లకి సెప్పొద్దా?"

కొంగు సర్దుకుని పొయ్యి పక్కన కూర్చుంది. నాన్న వైపు తిరిగి— "రేకులు తరవాత. ముందు పొయ్యి కొట్టు. అదే మొదట సూపించాల, నేకపోతే సూసినోళ్లు ఎల్లిపోతారు."

నాన్న సుత్తి ఎత్తి నా వైపు చూశాడు, ఆపమంటానేమోనని. నేను రికార్డు నొక్కాను.

వీడియో ఫోన్లోనే ఉంది. ఎక్కించావా అని అమ్మ రెండుసార్లు అడిగింది.