రోవన్ లేన్ మూతపడ్డాక

థార్న్‌బెక్,
మార్చి 3, ఆదివారం.

ఎనిడ్ అక్కకి,

మూడు వీధుల అవతల ఉన్నవాడు ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు తియ్యవు. వచ్చి తలుపు తట్టే ధైర్యం నాకు లేదు. విల్ఫ్ బావ అంత్యక్రియల రోజు చర్చి హాల్లో నువ్వు వరసగా అందరికీ టీ పోస్తూ వచ్చి, నా దగ్గర ఆగకుండా పక్కాయన దగ్గరికి వెళ్ళిపోయావు. అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, ఖాళీ కప్పు పట్టుకుని అలాగే కూర్చున్నాను. నాకు తగిన శాస్తే అనుకున్నాను. కానీ అక్కా, నా తప్పు నువ్వు అనుకుంటున్నదాని కన్నా పెద్దది. అది చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

కిందటి మేలో పన్ను పెంచాలా వద్దా అని కౌన్సిల్ ఇంటింటికీ ఓటు కాగితాలు పంపింది కదా. ‘వద్దు’ అనేవాళ్ళకి ముందు నడిచింది నేనే. కరపత్రం రాసిందీ నేనే. ఇనుప సామాన్ల కొట్టు మధ్యాహ్నాలు మూసేసి, వానలో గొడుగేసుకుని వీధి వీధీ తిరిగాను. అదంతా నాటకం కాదక్కా. మిల్ స్ట్రీట్‌లో మిసెస్ టాటర్‌సాల్ ఇంట్లోనే కోటూ టోపీ వేసుకుని కూర్చుని ఉంది. "హీటర్ పెట్టుకోవా?" అంటే, "పెట్టుకుంటే తిండెవరు పెడతారు, నువ్వా?" అంది. లండన్‌లో ఉన్న ప్రభుత్వంవాళ్ళు ఏటేటా మన ఊరికిచ్చే డబ్బు కోసేసి, ఆ లోటు ఇలాంటి ఆవిడ చేత పూడ్పించడం ఏం న్యాయం అని మండిపోయాను. ఇవాళ్టికీ నా ఆలోచన అదే.

కానీ కరపత్రం అచ్చుకి వెళ్ళే ముందు రోజు, కౌన్సిల్లో లెక్కలు చూసే మిసెస్ ఆల్డస్ నన్ను గదిలోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టింది. "పన్ను పెరక్కపోతే మూతపడేవి ఇవీ, లయొనెల్ గారూ. తెలిసి మాట్లాడండి" అంది. మొదటి పేరే రోవన్ లేన్ డే సెంటర్. మతిమరుపు ముదిరినవాళ్ళని పగలు కనిపెట్టి చూసుకునే చోటు మన ఊళ్ళో అదొక్కటే. బావ వారానికి మూడు రోజులు అక్కడే ఉంటాడనీ, నువ్వు ఊపిరి పీల్చుకునేది ఆ మూడు రోజులేననీ నాకు తెలుసు. కాగితం మడిచి ఆవిడకే ఇచ్చేసి, "ఇలాంటి బెదిరింపులు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నానమ్మా" అని లేచి వచ్చేశాను. బెదిరింపు కాదని మెట్లు దిగుతున్నప్పుడే తెలుసు.

ఆ తర్వాత ఒక గుమ్మంలో షీనా కనిపించింది. సెంటర్లో బావకి అన్నం తినిపించేదే, ఆ అమ్మాయి. కరపత్రం అటూ ఇటూ తిప్పి చూసి, "మరి మా సెంటర్ సంగతేంటండీ?" అని అడిగింది. "అదెక్కడికీ పోదమ్మా, ఊరికే భయపెడుతున్నారంతే" అన్నాను. "మీరే అంటే ఇంకేం, సరే" అని నవ్వింది. ఆ నవ్వు చూసి కూడా పక్కింటికి నడిచాను. అక్కా, అది పొరపాటు కాదు, అబద్ధం. ఒక ఇంట్లో ఆడినది ముప్ఫై ఇళ్ళల్లో ఆడాను.

అరవై మూడు ఓట్ల తేడాతో గెలిచాం. నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. సెప్టెంబర్లో సెంటర్ మూశారు. నవంబర్లో బావని స్నానాల తొట్టిలోంచి లేపబోయి నువ్వు పడ్డావు, భుజం విరిగింది. ఆయన్ని ఎక్కడో నలభై మైళ్ళ దూరంలో ఉన్న వృద్ధాశ్రమానికి పంపించారు. చెయ్యి మెడకి వేలాడేసుకుని రెండు బస్సులు మారి వెళ్ళేదానివి. చివరి రోజు నువ్వింకా రెండో బస్సులో ఉండగానే అంతా అయిపోయింది. కారులో నేను తీసుకెళ్ళవలసింది. నీ పక్కన గంటసేపు కూర్చునే ముఖం లేక, కొట్లో పనుందన్నాను.

కౌన్సిలర్ పదవికి రాజీనామా రాసి పెట్టుకున్నాను. గురువారం ఇచ్చేస్తాను. ఆరోగ్యం బాగాలేదని చెప్పి, కొట్టు అమ్మేసి, సముద్రం ఒడ్డున ఏదో ఊళ్ళో గది చూసుకుంటాను. క్షమించమని అడగను. నిజం ఒక్క మనిషికైనా తెలియాలి, ఆ మనిషివి నువ్వే కావాలి.

నీ తమ్ముడు,
లయొనెల్.

*

థార్న్‌బెక్,
మార్చి 6, బుధవారం.

ఒరేయ్ లయొనెల్,

నీ ఉత్తరం నిన్న అందింది. చదివి, గిన్నెలు కడిగి, మళ్ళీ చదివాను.

ఆ రోజు నీకు టీ పొయ్యంది కోపంతో కాదురా. నీ మొహం చూడలేకపోయాను. చూస్తే అక్కడే, అందరి ముందూ, నోరు జారి చెప్పేసేదాన్ని.

నీ దగ్గర మోసపోకముందే షీనా నా దగ్గరికి వచ్చింది. మీ బావ అప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, బస్సు కండక్టరుగా ఉన్న రోజుల్లో లాగా వచ్చినవాళ్ళందర్నీ టికెట్ అడుగుతున్నాడు. ఆ పిల్ల జేబులోంచి కాగితం ముక్క తీసి చూపించింది, ఆయన తృప్తిగా తలూపాడు. అప్పుడంది, "పిన్నిగారూ, పన్ను పెరక్కపోతే మేముండమని మా సెంటర్ పెద్దావిడ అంటోంది. మీ ఓటు మాకే కదూ?" అని. "అది కూడా అడగాలా?" అన్నాను.

ఆమె అటు వెళ్ళగానే ఓటు కాగితం తీసి ‘వద్దు’ అన్న గడిలో గీత పెట్టాను.

నీ కరపత్రం చూసి కాదు. నువ్వు తమ్ముడివనీ కాదు. ఆ వారం చెత్తబండి రాలేదు. వీధి దీపం రెండు నెలలుగా వెలగడం లేదు. నలభై ఏళ్ళు ఒక్క నెలైనా ఆలస్యం చెయ్యకుండా కట్టాం, ఇంకా పెంచుతారా అని ఒళ్ళు మండింది. ఎలాగూ మిగతావాళ్ళంతా పెంచమనే అంటారు, సెంటర్ నిజంగా మూస్తారా ఏమిటి, ఎక్కణ్ణుంచో సర్దుతారు, నా కోపం మాత్రం వాళ్ళకి తెలియాలి అనుకున్నాను. సెంటరూ ఉండాలి, నా కోపమూ తీరాలి. రెండూ కావాలనుకున్నాను. అరవై మూడు అని విన్న రోజున ఆ అరవై మూడు మందీ ఎవరా అని ఆలోచించలేదు. ఒకరు నాకు తెలుసు.

సెంటర్ మూసిన రోజు షీనా మీ బావ స్వెట్టరూ, చెప్పులూ ఒక అట్టపెట్టెలో పెట్టి తెచ్చింది. నన్ను వాటేసుకుని, "మీలాంటివాళ్ళు ఇంకో అరవై మంది ఉంటే చాలేది పిన్నిగారూ" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చింది.

ఇంతవరకూ రాసి, కలం పక్కన పెట్టి, కోటు వేసుకుని షీనా ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు చేపల వేపుడు కొట్లో చిప్స్ వేయిస్తోందట, చేతుల నిండా నూనె కాలిన మచ్చలు. గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. "ఎందుకు చెప్పారండీ? మీరొక్కరైనా మాకు వేశారు కదా అనుకునేదాన్ని" అంది. తలుపు మూసింది. గట్టిగా కాదు, మెల్లగానే.

పిన్నిగారూ అని మాత్రం పిలవలేదు.

అందుకని సముద్రం ఒడ్డున గదీ గిదీ అని నాకు చెప్పకు. ఆ రాజీనామా చింపెయ్. పద్దెనిమిదో తేదీ మీటింగులో మళ్ళీ ఇదే గొడవ కదా, ఈసారి మూతపడేవి గ్రంథాలయమూ ఈత కొలనూ అట. లేచి నిలబడి, ఆ జాబితా చూశానని చెప్పు. గుమ్మాల్లో ఏమని తిరిగావో చెప్పు. ఎటు ఓటెయ్యాలో నేను చెప్పను, నాకే తెలీదు. మిసెస్ టాటర్‌సాల్ ఇంకా కోటు వేసుకునే కూర్చుంటోంది, నిన్ననే చూసొచ్చాను. ఏది నిలుస్తుందో ఏది పోతుందో తెలిసి గీత పెట్టుకోనీ జనాన్ని, అంతే.

మెచ్చుకుంటారనుకోకు, తిడతారు. ముందు వరసలో నేను కూర్చుంటాను. నీది అయ్యాక నేనూ లేచి నాది చెబుతాను. భుజం ఇంకా పూర్తిగా నయం కాలేదు, ఆ రోజు కారు తీసుకుని ఆరింటికల్లా వచ్చి నన్ను ఎక్కించుకో.

అక్క,
ఎనిడ్.